పై చేను, కింద చేను

"మన తమ్ముడు గోంగూర బ్యాచ్. వీడికి రెండు గ్లాసులూ ఒకటే." ఎనిమిది మంది ముందు అన్న మాట. నేను మర్చిపోలేదు.

అన్నది శాంటా క్లారాలో మా మేనేజర్. తెలుగువాడే, టీమ్‌లో మేమంతా అన్నా అంటాం. నెలకో శనివారం ఇంటికి వైన్ రుచి చూడ్డానికి పిలుస్తాడు. మానేస్తే సోమవారం ముఖం మారిపోతుంది. నా గ్రీన్ కార్డ్ ఫైల్‌కి కావాల్సిన లెటర్ మీద ఆయన సంతకం పెట్టాలి. ఇప్పుడు ఉద్యోగం మారితే ఫైల్ మళ్లీ మొదటినుంచి. అందుకని ప్రతి నెలా వెళ్లాను.

ఆయన పిచ్చంతా ఫ్రాన్స్‌లోని బర్గండీ తెల్ల వైన్. పక్కపక్క చేలు, మధ్యలో బండిబాట, రెండిట్లోనూ షార్డొనే ద్రాక్షే. పై చేలో మట్టి పలచన, దాని కింద సున్నపురాయి. ఆ వైన్ బిగుసుకుని నిమ్మతొక్కలా ఉంటుంది. కింద చేలో బంకమట్టి. ఆ వైన్ ఒళ్లు చేసి, వెన్న వాసన వేస్తుంది. ఒకే కాలువ కింద పక్కచేల మిరపకి రెండు ఘాటులుంటాయని ఎరిగినవాణ్ణి, నాకిందులో వింతేముంది? నోరు మూసుకుని నేర్చుకున్నాను.

పోయిన నెల ఏది ఏ చేనో రుచిని బట్టే చెప్పాలని పందెం, లేబుల్ కనపడకుండా సీసాలకి కాగితం సంచులు తొడిగే పని నాకిచ్చాడు. "లేబుల్ నువ్వు చూసినా పర్లేదులే, నీకెలాగూ తేడా తెలీదు." అదీ గుర్తుంది. పై చేనుకి ఒకటో నంబర్ వేశాను, కింద చేనుకి రెండు. ఫ్రిజ్ నిండా బిర్యానీ ట్రేలు. రెండో సీసాకే చోటు దొరికింది, ఒకటోది వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

చల్లబడితే ఏ వైనైనా బిగుసుకుంటుంది. అన్న రెండు గ్లాసులూ తిప్పి, వాసన చూసి, "రెండోది పై చేను. రాయి తగుల్తోంది చూడండి" అన్నాడు. అందరూ తలూపారు. నా గ్లాసు చేతిలో కాస్త వెచ్చబడగానే రెండోది వెన్న వాసన వేసింది. సంచి తొడిగింది నేను కాకపోయినా చెప్పగలిగేవాణ్ణి.

"చెప్పు తమ్ముడూ, కరెక్టేనా?"

సంతకం సోమవారం.

"కరెక్టే అన్నా."

ఎవరూ సంచులు విప్పకముందే సీసాలు వంటింట్లోకి తీసుకెళ్లి, మిగిలింది సింకులో పోసి, రీసైక్లింగ్ డబ్బా అడుక్కి తోశాను. తిరిగి వచ్చేసరికి ఆయన నా భుజం తట్టాడు. "బుద్ధిమంతుడు. ఇకమీదట సంచుల డ్యూటీ వీడిదే."

సోమవారం సంతకం పెట్టాడు. కార్డు చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టొచ్చని లాయర్ చెప్పింది. సంచులు తొడగడానికి ఈ శనివారం అరగంట ముందే రమ్మన్నాడు అన్న. సరే అన్నాను.