ఒకే కాలమ్‌లో ఇద్దరు సింహాచలాలు

కోవిడ్ రెండో విడత తగ్గిన ఏడు నన్ను ఉత్తరాదిన ఆదిత్యపూర్‌లో, కాల్చిన ఇనుమును సాగగొట్టే ఒక ఫోర్జింగ్ కర్మాగారానికి సీనియర్ పర్సనెల్ ఆఫీసరుగా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. హాజరు, సెలవులు చూసే టైమ్ ఆఫీసు నా కిందే ఉండేది. నేను చేరేసరికే కార్మికుల వివరాలన్నీ ఆన్‌లైన్ షీటులోకి ఎక్కాయి.

ఆ షీటులో మొదట ఒక్కొక్కరి పూర్తి పేరు ఒకే గడిలో ఉండేదట. బీమా పోర్టల్‌కు పేరు, ఇంటిపేరు విడివిడిగా కావాల్సి వచ్చింది. కాలమ్ మొత్తం ఎంచుకుని, ఖాళీ ఉన్నచోట విడగొట్టమంటే షీటే ముక్కలు చేసి, పూర్తి పేరు ఉన్న గడిలో మొదటి ముక్కను, పక్క గడుల్లో మిగతావి పెడుతుంది. గుమాస్తా పంకజ్ అలాగే చేశాడు. అక్కడివాళ్లకు ఇంటిపేరు వెనక వస్తుంది, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్లకు ముందు. అది గమనించి మనవాళ్ల ముక్కల్ని తిరగేశాడు కూడా. శ్రద్ధగల మనిషే. ఆ పైన, పేరు కొడితే ఇంటి ఫోన్ నంబరు చూపే ఫార్ములా ఒకటి పెట్టాడు. అది పేరు కాలమ్‌ను పైనుంచి వెతికి, మొదట కలిసిన వరుస దగ్గరే ఆగిపోతుంది.

పెద్ద సుత్తి యంత్రాలుండే హామర్ షాపులో సింహాచలాలు ఇద్దరు. ఒకతను బమ్మిడి, ఇంకొకతను గేదెల. దగ్గర్లోని గమ్హరియాలో ఒకే సందులో అద్దెకుండేవారు. ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చిన ఆ షీటులో బమ్మిడి ముందు.

ఒకరోజు ఉదయం షిఫ్టులో క్రేన్ గొలుసు తెగి ఇనప దిమ్మె గేదెల సింహాచలం మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. అంబులెన్సులో వెంట వెళ్లింది బమ్మిడే. షాపులోకి ఫోన్లు తేనివ్వరు కాబట్టి అతని ఫోను లాకరులోనే ఉండిపోయింది. సింహాచలం పోయాడు, ఇంటికి కబురు చెప్పండని షిఫ్ట్ ఇన్‌చార్జ్ టైమ్ ఆఫీసుకు చెప్పాడు. పంకజ్ ఆ పేరు కొట్టి, కనిపించిన నంబరుకు ఫోన్ చేశాడు.

నేను ఊళ్లో సాక్చి బజారులో పనిమీద ఉండి, కబురు తెలిసి అక్కణ్నుంచే ఆసుపత్రికి వెళ్లాను. మార్చురీ ముందు ఒకామె నేలమీద పడి ఏడుస్తోంది. ఇంకొకామె ఆమె తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగిస్తోంది. నేను కంపెనీ ఆఫీసర్నని తెలిసి ఈ రెండో ఆమె చేతులు జోడించింది.

"దీనికి సిన్నపిల్లలు బాబూ. దీన్నొగ్గీకండి."

చూసుకుంటామన్నాను. అంతలో పోలీసులకు వాంగ్మూలం ఇచ్చి బమ్మిడి బయటికొచ్చాడు. ఒంటిమీద నెత్తురు మరకల యూనిఫారమే ఉంది. ఏడుస్తున్న ఆమె అతన్ని చూసి పాకుతూ వెళ్లి కాళ్లు పట్టుకుంది. రెండో ఆమె నవ్వింది. దేవుడు కరుణించాడని అంది. బమ్మిడి ఆమెవైపు చూడలేక తల దించుకున్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మరి ఆ గది నోనున్నది ఎవులన్నా?"

అతను గోడవైపు తిరిగాడు. పోయింది రెండో సింహాచలమని నాకప్పుడు అర్థమైంది. చెప్పాల్సిన ఉద్యోగం నాది. మీ ఆయనేనమ్మా అన్నాను. ఆమె ఏడవలేదు.

"ఇందాకట్నుంచీ ఈ తలుపుకాడే కూకున్నాను. ఎవులూ సెప్పనేదు," అంది.

తర్వాత ఆమెకు క్యాంటీన్‌లో పని ఇప్పించాం. బమ్మిడి భార్య మాత్రం గేదెల పదోరోజు కర్మకు వెళ్లలేకపోయింది. తనవాడు బతికున్నాడని ఆమె కళ్లముందే సంతోషపడ్డానని, ఇంక ఆ మొహం ఎలా చూడనని నాతో అంది. కొన్నాళ్లకు వాళ్లు ఆ సందు వదిలి వెళ్లిపోయారు. పంకజ్‌కు మెమో ఇవ్వొద్దని, తప్పు పద్ధతిలో ఉందని నోట్ రాశాను. అయినా మేనేజరు మెమో ఇచ్చాడు. పంకజ్ రాజీనామా చేశాడు.

పేర్లను విడగొట్టేటప్పుడు అసలు కాలమ్‌ను అలాగే ఉంచి, నకలు మీదే పనిచేయాలి. మనిషిని వెతకడానికి పేరు ముక్క పనికిరాదు, గేట్‌పాస్ నంబరు కావాలి. చావు కబురు ఫోన్‌లో చెప్పకూడదు. ఎరిగినవాళ్లు శవాన్ని గుర్తుపట్టాకే ఆఫీసరు ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి. ఇవి ఆ నెలలోనే నిబంధనలుగా రాసి గేటు దగ్గర అంటించాం. అంతకుముందు ఎక్కడా రాసి లేవు.