ఓలీటా కొయ్యనన్న సంచి

ఓలీటా క్రాబ్‌ట్రీ సగం జీవితం మేజోళ్ల మిల్లులో గడిచింది. మిల్లు మూతపడ్డాక, ఇంక వరండాలో కూర్చోమని అందరూ అంటే, "కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి" అని చెప్పి, ఇళ్లు కట్టే స్థలాల్లో బురద ఆపే పనిలో చేరింది. మా ఉత్తర కరొలైనాలో ఈ వైపంతా ఎర్రమట్టి. పైన గడ్డి గీకేశారంటే ఒక్క వానకే వాగు ఎర్రబడిపోతుంది. అందుకే స్థలం దాటి బురదనీళ్లు పోనివ్వబోమని ఒప్పుకుంటేగానీ పర్మిట్ ఇవ్వరు. చుట్టూ నల్లగుడ్డ కంచె పాతడం, గోతుల్లో నిలిచిన నీళ్లు వడకట్టి వదలడం ఆవిడ పని.

చిక్కుడుగింజలు వొలుస్తూ ఈ సంగతి నాకు తనే చెప్పింది. మధ్యలో నేను నోరు తెరిస్తే "ఆగు" అనేది.

ఆ శుక్రవారం పునాది గోతుల నిండా వాననీళ్లు. మోటారు పెట్టి తోడి, మంచమంత గుడ్డసంచిలోకి పంపుతున్నారు. మట్టి లోపలే ఉండిపోయి, తేటనీళ్లు నెమ్మదిగా బయటికి ఊరి, గడ్డి మీదుగా సారెల్ వాగులోకి పోవాలి. మధ్యాహ్నానికి కాంక్రీటు లారీలొస్తాయి, ఆలోపు గోతులు ఖాళీ కావాలి. పని చేయించే డ్వైట్ ప్రూయిట్‌కి కాళ్లు నిలవడంలేదు. చిన్నప్పుడు ఓలీటా దగ్గర సండేస్కూల్లో చదువుకున్నవాడే.

"మిస్ ఓలీటా, సంచికి వెనకవైపు ఓ గాటు పెట్టండి, నీళ్లు గబగబా పోతాయి. రోడ్డు మీంచి చూసేవాళ్లకి సంచి సంచిలానే కనపడుతుంది. అందరూ చేసేదే."

"అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పు."

"అబ్బా, లారీలు వెనక్కి పోతే పైవాళ్లు నన్ను నమిలేస్తారు."

"నమలనీ. నా మనవరాలు టెసాకి ఎల్లుండి ఆ వాగులోనే బాప్తిస్మం. తెల్లగౌను కుట్టాను. నీ బురదలో ముంచమంటావా?"

"వాగు మీ చర్చిదా ఏంటి?"

"కాదు. నీదీ కాదు."

డ్వైట్ తనే కత్తి తీశాడు. ఓలీటా మోటారు ఆపేసి, వెళ్లి ఆ ఉబ్బిన సంచి మీద దుప్పటి పరుచుకున్నట్టు పడుకుంది. నీళ్లు చల్లగా వీపుకి పాకాయట. పనివాళ్లు నవ్వాపుకోలేక అటు తిరిగారు.

"లేవండి! మీకిక్కడ ఇంక పని లేదు. ఇంటికెళ్లండి!"

"అంతేగా" అని లేచింది. గేటు దాటి రోడ్డు పక్కకి వెళ్లి, తన పాత ట్రక్కు వెనక రేకు దించుకుని కూర్చుంది. ఎదురుగా గేటుకి పర్మిట్ బోర్డు. దాని మీద పర్మిట్ నంబరూ, ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు ఫోనూ దారినపోయేవాళ్లకి కనపడాలి. పెట్టక తప్పదు.

డ్వైట్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారు?"

"చదువుకుంటున్నా. ఇందాకటిదాకా నీ పనిమనిషిని, నోరు మూసుకోమనొచ్చు. ఇప్పుడు వాగుకి దిగువన ఇల్లున్నదాన్ని. ఏం మూయిస్తావో మూయించు." ఫోన్ ఒళ్లో పెట్టుకుని, టమాటా శాండ్‌విచ్ విప్పింది.

అతను టోపీ తీసి నేలకేసి కొట్టాడు. తర్వాత లారీలవాళ్లకి ఫోన్ చేసి రావద్దన్నాడు. కొయ్యని సంచితోనే మోటారు మళ్లీ మొదలైంది. పొద్దువాలేదాకా అలా ఊరుతూనే ఉంది. ఓలీటా కదల్లేదు.

పని ఆపి వెళ్లేటప్పుడు డ్వైట్ కారద్దం దించి, "సోమవారం పనిలోకి రండి" అన్నాడు.

"రాను. నన్ను తీసేసింది నలుగురిలో. రమ్మనేదీ నలుగురిలోనే అను, అప్పుడాలోచిస్తా."

ఇంతవరకూ అనలేదు, ఈవిడ వెళ్లలేదు. ప్రస్తుతం అవతలి ఊళ్లో మరో స్థలంలో కంచెలు పాతుతోంది.

"ఆదివారం నీళ్లలో టెసా పాదాలు కనపడ్డాయా?" అనడిగాను.

ఓలీటా గింజల గిన్నె పక్కనపెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"కనపడకపోతే ఇక్కడ కూర్చుని నీకు కబుర్లు చెప్తానా? ఆ గేటు దగ్గరే ఉండేదాన్ని."