అక్కని ఆపెరాకి తీసుకెళ్ళిన ఆదివారం

షామ్‌బర్గ్ నుంచి షికాగో డౌన్‌టౌన్‌కి ఆపెరా చూడడానికి వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. కారు తియ్యకండి. ఆదివారం పూట రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో చోటుకి కొదవ లేదు. గంట పైచిలుకులో ట్రైన్ దించేస్తుంది, అక్కణ్ణుంచి నది మీద వంతెన దాటితే ఆపెరా హౌస్. ఇంతవరకే రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ రోజు నాతో వచ్చింది మా వసంతక్క. అందుకని దారి సంగతులతో పాటు ఆవిడ సంగతీ చెప్పక తప్పడం లేదు.

అక్క వాళ్ళుండేది వేరే రాష్ట్రంలో, క్యారీలో. కొడుకు నిఖిల్ మాత్రం చదువయ్యాక షికాగోలో ఉండిపోయాడు. పగలు ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు ఆపెరా కోరస్‌లో పాట. వాడు పాడుతున్న కొత్త ఆపెరా ఒక బాక్సర్ కథ. మా ఇద్దరికీ టికెట్లు వాడే పంపాడు. “షో అయ్యాక నీకు ఒకళ్ళని ఇంట్రడ్యూస్ చేస్తా అమ్మా” అని ఫోన్లో అన్నాడట. అక్కకి ఆ ఒక్క ముక్క చాలు. శనివారం ఫ్లైట్ దిగేసరికి ఆవిడ సూట్‌కేసులో కనకాంబరం రంగు పట్టుచీర, జాకెట్టు గుడ్డ, వెండి కుంకుమ భరిణె సిద్ధంగా ఉన్నాయి.

“తెల్లపిల్ల అయితే మాత్రం ఏమే? మొదటిసారి చూస్తున్నాం, బొట్టు పెట్టి చీర పెట్టకుండా పంపిస్తామా?” అంది.

ఆ చీర పెట్టడం కుదరదని నాకు తెలుసు. ఎందుకంటే నిఖిల్ చూపించబోయేది పిల్లని కాదు. ఆండ్రూ అని, స్కూల్లో లెక్కలు చెప్పే అబ్బాయి. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం. ఈ సంగతి నిఖిల్ ఎండాకాలంలో నాకు చెప్పాడు. “అమ్మకి నేనే చెప్తా పిన్నీ. షో చూశాక అయితే కొంచెం ఈజీ అవుతుంది. నువ్వు పక్కనే ఉండు, ప్లీజ్” అన్నాడు. సరేనని మాటిచ్చాను. నోరు కట్టుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్క ఆ చీర మడతలు సవరిస్తుంటే చూస్తూ కూడా మాట్లాడలేదంటే మీరే ఊహించుకోండి.

ఆదివారం పదకొండు దాటాక ట్రైన్ ఎక్కాం. టికెట్ ఫోన్లోనే కొనుక్కోవచ్చు. శని, ఆదివారాలకి విడిగా పాస్ ఉంది, రానూపోనూ కలిపి చవకే. ట్రైన్ రెండంతస్తులది, మేడ మీది సీట్లు ఎక్కకండి, ఇద్దరు పక్కపక్కన కూర్చోవడానికి వీలుండదు. అక్క ఎక్కీ ఎక్కగానే పులిహోర డబ్బా మూత తీసింది. ఎదుటి సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దాయన వాసన బాగుందన్నాడు. మూతలో పెట్టి ఇచ్చింది. ఆయనా అదే ఆపెరాకి వెళ్తున్నాడట, వయసులో ఉండగా కొన్నాళ్ళు బాక్సింగ్ చేశాడట.

“మా అబ్బాయి అందులో పాడుతున్నాడు” అంది అక్క ఇంగ్లీషులో.

“బాక్సర్ వేషమా?”

“కాదు, కోరస్” అంది, అదేదో ఇంకా పెద్ద పదవి అయినట్టు.

ఆపెరా హౌస్ దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు, తినే వస్తువులు లోపలికి రానివ్వరు. పులిహోర అప్పటికే అయిపోయింది కాబట్టి బతికిపోయాం. కుంకుమ భరిణె చూసి ఇదేమిటని అడిగాడు సెక్యూరిటీ అబ్బాయి. మేకప్ అన్నాను. కోట్లు కింద అప్పగించి పైకి వెళ్ళండి, లేకపోతే మూడు గంటలూ ఒళ్ళో పెట్టుకుని చెమటలు కక్కాలి. మా సీట్లు బాల్కనీలో. అంత దూరాన్నుంచి మొహాలు కనపడవు, బైనాక్యులర్స్ అద్దెకి ఇస్తారు, తప్పకుండా తీసుకోండి. పాట ఇంగ్లీషులోనే పాడినా ఒక్క ముక్క అర్థం కాదు, వేదిక పైన తెర మీద అక్షరాలు పడతాయి.

రెండింటికి మొదలైంది. కథ నేను చూసినంత చెప్తాను. మాంసం కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రాడు బాక్సర్ అవుతాడు. పియానో వాయించే ఇంకొకతన్ని ప్రేమిస్తాడు, కానీ ఊరికి తెలుస్తుందని బస్సులో కూడా అతని పక్కన కూర్చోడు. ఇద్దరూ బస్సుకి ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని పాడుకుంటారు. అక్కకి ఆ పాట బాగా నచ్చింది. “పాపం, పక్కన కూర్చుంటే ఊళ్ళోవాళ్ళ సొమ్మేం పోయిందే?” అని నా చెవిలో అంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. పోటీకి ముందు ఇద్దరు బాక్సర్లనీ బరువు తూచే ఘట్టం. ఎదుటివాడు వీణ్ణి అందరి ముందూ ఒక మాట అంటాడు. మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి అనే తిట్టు, ఇక్కడ రాయను. చుట్టూ చేరిన జనమంతా ఆ మాట అందుకుని మళ్ళీ మళ్ళీ పాడతారు. ఆ జనం కోరస్. ఎడమ పక్క రెండో వరసలో, తలమీద టోపీతో, పిడికిలి ఊపుతూ మా నిఖిల్.

అక్క బైనాక్యులర్స్ దించింది. “వీడు కూడా అంటున్నాడేమిటే?”

“అది పాట అక్కా. వాళ్ళ పని.”

“అయితే మాత్రం” అంది.

రోజూ ఆ మాట పాడి ఇంటికొస్తే నిద్ర పట్టదని నిఖిల్ నాతో అని ఉన్నాడు. తరవాత రింగులో బాక్సర్ ఆ ఎదుటివాణ్ణి కొట్టి కొట్టి వదులుతాడు, వాడు మళ్ళీ లేవడు. రెండో అంకమంతా ఆ పాపం మొయ్యడమే. చంపినందుకు ఊరు వీపు తడుతుంది, వీడికి మాత్రం తిండి సయించదు. పియానో అతను వెళ్ళిపోతాడు. చివరికి ముసలివాడై, ఖాళీ రింగులో నిలబడి, నేను ఎవర్ని ప్రేమించానో ఎవరికీ చెప్పలేదని ఖాళీ కుర్చీలకి చెప్పుకుంటాడు. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు గానీ చప్పట్లు కొట్టడం మర్చిపోయి కూర్చుంది.

ఐదు దాటాక, నటులు వచ్చే పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాం. నిఖిల్ వచ్చి వాళ్ళమ్మని వాటేసుకున్నాడు. వాడి వెనక పొడుగ్గా, మఫ్లర్ చుట్టుకుని ఆండ్రూ. అక్క అతనికి హలో చెప్పి, అతని భుజం మీదుగా గుమ్మంలోకి తొంగి చూసింది. చీర సంచీ చేతిలోనే ఉంది.

“ఏదిరా, ఆ అమ్మాయి ఇంకా రాలేదా?”

“అమ్మాయి కాదమ్మా” అన్నాడు నిఖిల్. “ఆండ్రూనే. మేము టుగెదర్. టూ ఇయర్స్ అయింది. నీకు ముందే చెప్పాలి, నాకు భయం వేసింది.”

నేను పక్కనే ఉన్నాను, ఇచ్చిన మాట ప్రకారం. ఉండి చేసిందేమీ లేదు. అక్క సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నలుగురం పక్కనున్న కాఫీ షాపులో కూర్చున్నాం. క్యారీలో వర్షాలు పడుతున్నాయని చెప్పింది అక్క. ఏం చేస్తుంటావని ఆండ్రూని అడిగింది, అతను చెప్పాడు. నిఖిల్ వైపు చూడలేదు. కాసేపటికి, ట్రైన్‌కి టైమవుతోంది, లేద్దామా అంది. నిఖిల్ స్టేషన్ దాకా వస్తానంటే చలిలో ఎందుకని వద్దంది. వంతెన దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ షాపు ముందే నిలబడి ఉన్నారు. ఒకటి పీకి అక్కని వెనక్కి ఈడ్చుకెళ్దామా అనిపించింది.

తిరుగు ట్రైన్ ఏడు లోపే దొరికింది. ఆదివారం ఒక ట్రైన్ తప్పితే ఇంకోటి రావడానికి చాలాసేపు పడుతుంది, గుర్తుంచుకోండి. పెట్టె సగం ఖాళీ. ఊరు దాటేదాకా అక్క కిటికీలోకి చూస్తూ కూర్చుంది.

“నీకు ముందే తెలుసు” అంది.

“తెలుసు.”

“నాకు చెప్పుకోలేక నీకు చెప్పుకున్నాడు. నేనేం చేస్తాననుకున్నాడే? నేనంత రాక్షసినా వాడికి?” అని కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఏడుపు తగ్గాక ఫోన్ తీసి నిఖిల్‌కి చేసింది. స్పీకర్ పెట్టకుండా మాట్లాడడం ఆవిడకి జన్మలో రాదు.

“ఒరే, ఆ పాటలో మాట నిన్నెవరైనా అన్నారా?”

“అన్నారమ్మా. మిడిల్ స్కూల్లో. బస్‌లో.”

“కడుపు నొప్పని స్కూలు మానేసేవాడివి. అందుకేనా?”

“ఊఁ.”

అక్క కళ్ళు మూసుకుంది. టికెట్లు చూసే ఆయన వచ్చి, ఆవిడ మొహం చూసి, నా ఫోన్ మాత్రం చూసి వెళ్ళిపోయాడు. ఆపెరా ఎలా ఉందని నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. సంగీతం తెలియకపోయినా వెళ్ళండి, మీవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి. వచ్చేటప్పుడు దారిలో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

“ఇంకెన్ని షోలున్నాయిరా?” అక్క మళ్ళీ అడిగింది.

“మూడమ్మా.”

“నలభై మంది పాడుతున్నారు. ఆ ఒక్క మాట దగ్గర నువ్వు నోరు మూసుకో. ఎవరికి తెలుస్తుంది?”

“పాట నడిపించే మేస్ట్రోకి తెలుస్తుందమ్మా. ఆయనకి అన్నీ వినపడతాయి.”

“తెలియనీ” అంది అక్క. “అడిగితే, మా అమ్మ వద్దందని చెప్పు.”