మొదటి చెంచా బైరాగిది

"నోరు కాలితే చెప్పుకోలేదు బావా. ఆకలికి ఏడ్చినా అదే ఏడుపు, కాలి ఏడ్చినా అదే ఏడుపు. ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?"

స్వాతి ఆ మాట అంటున్నప్పుడు ఆ నోరు ఆమె ఒడిలోనే ఉంది, ఆమె గొలుసు చివర కొరుకుతూ. లక్ష్మీప్రియకు ఇంకా ఏడాది నిండలేదు. త్రినాథ్ పలాసలోని జీడిపప్పు ఫ్యాక్టరీకి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగాడు.

"మా అయ్య గురించే కదా నీ బెంగ? బోటు మొత్తానికి వండి పెట్టినోడు."

"బోటులో వాళ్ళకి మాటలొచ్చు బావా."

త్రినాథ్ బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

విషయం చిన్నది, అయినా దాని మీదే ఆ ఇల్లంతా ఆగి ఉంది. స్వాతి పలాసలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ప్రియ పుట్టాక సెలవు పెట్టింది. కాలేజీ తెరిచే రోజుకి రాకపోతే ఆ క్లాసులు ఇంకొకరికి ఇస్తామని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పాడు. పిల్లను చూసుకోవడానికి అత్త కన్నమ్మ రాలేదు. వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగే రోజులవి. భావనపాడు ఒడ్డున చేప ఎండబెట్టాలన్నా, తిరగేయాలన్నా, బేరం తేల్చాలన్నా కన్నమ్మ ఉండాల్సిందే. ఖాళీగా ఉన్నది ఒక్క బైరాగే.

బైరాగి స్వాతికి మామగారే కాదు, మేనమామ కూడా. ఆమె పరికిణీల వయసులో ఆయన ఊళ్ళో కనిపించడమే తక్కువ. భావనపాడు కుర్రాళ్ళు చాలామందిలాగే ఆయనా మీసం రాకముందే గుజరాత్ వెళ్ళి వెరావల్‌లో బోటెక్కాడు. అక్కడ బోటు వంటవాణ్ణి బండారీ అంటారు. ఎక్కిన కొత్తలో గిన్నెలు కడిగాడు, తర్వాత బండారీ అయ్యాడు, చివరిదాకా బండారీగానే ఉన్నాడు. వల లాగే వేళకు అందరితో పాటు వలా లాగేవాడు, చేపను ఐసులోనూ సర్దేవాడు. బోటు ఎంత ఒరిగినా ఆయన పొయ్యి మీది గిన్నె ఒరగదని పేరు. నడుం పట్టేసి ఇక అంతంత రోజులు నీటి మీద ఉండలేనని తేలాక ఇంటికి వచ్చేశాడు. ఇప్పటికీ ఒడ్డున నలుగురు కూర్చున్నచోట ఆయన అనే మాట ఒకటుంది. "నా సేతి కూడు తిని కడుపు పట్టుకున్నోడు ఒక్కడుంటే సూపించండి." ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

అంతటి మనిషి పలాస ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర నిలబడి, గట్టు మీదున్న మైక్రోవేవ్ ఓవెన్‌ను కొత్త కోడలిని చూసినట్టు చూశాడు.

దాన్ని స్వాతే కొనిపించింది. పాకే పిల్ల ఉన్న ఇంట్లో, పెద్దాయన ఒక్కడే ఉండే వేళ, గ్యాసు మంట వద్దని ఆమె పట్టుదల. పొద్దున్నే పప్పన్నం మెత్తగా వండి, ఒక్కోసారి ముల్లు తీసిన చందువ చేప కలిపి, చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెడుతుంది. మధ్యాహ్నం ఆయన ఒక డబ్బా కరిగించి, వేడి చేసి పెట్టాలి. అంతే. పాలు మాత్రం అందులో పెట్టకూడదు, ఫ్లాస్కులోని వేడినీళ్ళు గిన్నెలో పోసి సీసా అందులో ఉంచాలి. స్టీలు గిన్నె, స్టీలు చెంచా లోపలికి వెళ్ళకూడదు. ఆయన అన్నిటికీ తలూపాడు.

"మంట లేదు, పొగ లేదు. మరేటి ఉడికిత్తాది లోపల?"

"కంటికి కనపడని తరంగాలు మావా. అన్నంలో ఉన్న నీళ్ళని అవి ఊపేస్తాయి. ఆ ఊపుకే వేడి పుడుతుంది."

"నీళ్ళు ఊగడవంటే నాకు సెప్పక్కర్లేదులే" అన్నాడు బైరాగి.

ఆదివారం పరీక్ష పెట్టారు. కన్నమ్మ కూడా ఎండుచేపల సంచితో ఆ పూటకు వచ్చి, ప్రియను ఎత్తుకుని ముందు వరసలో కూర్చుంది.

"జాగర్తే స్వాతీ. మీ మావకి ఆకలాగదు. బోటులో అందరికన్నా ముందు పళ్ళెం ఈయనదేనంట. ఈ సంటి గుంట ముద్ద కూడా ముందు తనే మింగేత్తాడు సూడు."

"నీ నోటికో మూతుంటే బాగున్ను" అన్నాడు బైరాగి, డబ్బా చేతిలోకి తీసుకుంటూ.

మూత మాటే కొంప ముంచింది. ఆ డబ్బా మూతకు నాలుగు పక్కలా నాలుగు క్లిప్పులున్నాయి. బైరాగి వాటిని ఒక్కొక్కటిగా టక్, టక్‌మని బిగించాడు. బిగించాక మూత లాగి చూశాడు. అది ఆయన చేతుల పాత అలవాటు. బోటు మీద మూత వదులుగా ఉందంటే ఒక్క అలకు కూరంతా నేలపాలు. అందుకే గిన్నె మీద మూత పెట్టి, తాడుతో ముడి వేసేవాడు. ఇన్నాళ్ళూ ఆయన పేరు నిలబెట్టింది ఆ ముడే.

స్వాతి అప్పుడే కింద పడిన ప్రియ బొమ్మ తీయడానికి వంగింది. ఆమె చూసేసరికి డబ్బా లోపల తిరుగుతోంది. 'మావా' అని నోరు తెరిచేలోగా ఢామ్మని చప్పుడైంది. ఓవెన్ తలుపు తెరుచుకుని మూత వచ్చి బియ్యం డబ్బాకు తగిలింది. పప్పన్నం ఓవెన్ గోడల నిండా, గట్టు మీద, బైరాగి చొక్కా మీద. ప్రియ గుక్కపట్టింది. కన్నమ్మ దాన్ని భుజాన వేసుకుని జోకొట్టింది. ఆ తర్వాత అంది.

"బోటులోనైతే ఆ ముద్ద సేపలైనా తినీవి."

ఎవరూ నవ్వలేదు. స్వాతి పిల్లను లాక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఊహలో ఉన్న భయానికి ఇప్పుడు చప్పుడు కూడా వచ్చింది. ఫోన్ తీసి ప్రిన్సిపాల్ నంబరు కోసం వెతికింది. రానని చెప్పేయడమే నయం. ఉద్యోగాలు ఇంకా వస్తాయి.

తలుపు దగ్గర బైరాగి నిలబడ్డాడు. అప్పటికే ఓవెన్ లోపలంతా తుడిచాడు. చొక్కా మీది పప్పు మాత్రం అలాగే ఉంది.

"కోపం తరవాత పడుదువు. ముందు తప్పు సెప్పు. నాను ఏటి సేసినాను?"

స్వాతికి చెప్పాలని లేదు. కానీ అడిగింది పాఠం. పాఠం అడిగినవాళ్ళకు చెప్పకుండా ఉండటం ఆమెకు చేతకాదు. ఫోన్ పక్కన పెట్టింది.

"లోపల ఆవిరి పుట్టింది మావా. దానికి దారి లేదు. మూత బిగిస్తే ఆవిరి ఏం చేస్తుంది? దారి చేసుకుంది."

బైరాగి ఆలోచించాడు. "బోటు మీద కూర పోకుండా బిగిత్తాం. ఇక్కడ ఆవిరి పోడానికి ఒగ్గాల. అంతే కదా?"

"అంతే. మూత వారగా పెట్టాలి. ఇంకో మాట. ఇది అంచులని ముందు కాల్చేస్తుంది, నడుమ ఐసుగడ్డ అలాగే ఉంటుంది. అందుకే కరిగించేటప్పుడు తక్కువ వేడి మీద పెట్టాలి, మధ్యలో ఆపి కలపాలి. నడుమ కూడా పొగలు వచ్చేదాకా కాచాలి. ఆ తర్వాత బయట పెట్టి ఆగాలి."

"ఐసు పెట్టెలో సేప కూడా అంతేనే. పైన మెత్తబడినా నడుమ రాయిలా ఉంటాది" అన్నాడు. "కరిగిపోయిన సేపని మళ్ళీ ఐసులో పెట్టి అమ్మినోడు మనిషి కాదు. ఇది కూడా అంతేనా?"

"అంతే మావా. ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజర్‌లోకి వెళ్ళకూడదు. మిగిలితే పారేయడమే."

"పారెయ్యడవెందుకు, నాను లేనేటి?"

ఆ వారమంతా ఇంట్లో మిగిలిన ప్రతి గిన్నెడూ ఆ పెట్టెలోకి వెళ్ళి వచ్చింది. రాత్రి అన్నం, సాంబారు, త్రినాథ్ తెచ్చిన ఉప్మా. మూత వారగా పెట్టడం, ఆపడం, కలపడం, ఆగడం. తలుపు దగ్గర నిలబడి అద్దంలోంచి పొయ్యికి కాపలా కాసినట్టే కాసేవాడు. వేడి చేసిందంతా తనే తినేవాడు. నాలుగు రోజులకు స్వాతి గుండె కొంచెం కుదుటపడింది. కాలేజీకి వస్తున్నానని చెప్పింది.

సరిగ్గా ఆ సాయంత్రమే, ఆయన ప్రియ గిన్నె బయటకు తీసి, నడుమ వేలు పెట్టి, "గోరెచ్చగా ఉన్నాది, పెట్టీవొచ్చు" అన్నాడు. స్వాతి కూడా ఊరికే వేలు పెట్టింది. పెట్టి, చటుక్కున తీసేసింది.

"మావా, కాలిపోతోంది."

"లేదే."

ఇద్దరూ ఆయన చేతుల వైపు చూశారు. వలతాళ్ళు లాగి లాగి, ఐసులో చేపలు సర్ది సర్ది, ఆ వేళ్ళ చివరలు చెప్పు అడుగులా అయ్యాయి. వాటికి వేడి చేరేసరికే చల్లారిపోతుంది. ఇన్నేళ్ళూ వేడి గిన్నెను గుడ్డ లేకుండా దింపగలనని గొప్పగా చెప్పుకున్న చేతులు అవే.

స్వాతికి ఏడుపు ఒక్కటే తక్కువ. మూత సంగతి చెప్తే తీరింది. వేళ్ళకు ఏం చెప్తుంది? బైరాగి తన వేళ్ళను తనే ఒకదానితో ఒకటి రుద్ది చూసుకున్నాడు. తర్వాత గిన్నె ముందుకు లాక్కుని, ఒక చెంచా తీసుకుని, నడుమనుంచి కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే మొహం ముడిచాడు.

"కాలతంది. నువ్వన్నదే నిజం."

"మరి?"

"మీ అత్త ఎక్కిరిత్తాది గాని, బోటు మీద ముందు తినీది ఆకలికి కాదే. ఒండినోడే ముందు తినాల. తిని కాసేపు ఆగాల. సముద్రం నడుమ ఆసుపత్రి ఉంటాదేటి? కూడు సెడిపోతే ఆడొక్కడికే కడుపు సెడాల, అందరికీ కాదు. అదీ బండారీ పని." చెంచా గిన్నె పక్కన పెట్టాడు. "సేతికి తెలకపోతే ఏటి, నాలిక్కి తెలుత్తాది. నా నాలికతో తాడు లాగలేదు కదా."

స్వాతి అంత భయంలోనూ నవ్వింది. తర్వాత వెంటనే సైన్సు గుర్తొచ్చింది. "సరే మావా. కానీ మీ చెంచా వేరు, దాని చెంచా వేరు. నోట్లో పెట్టింది మళ్ళీ గిన్నెలో ముంచకూడదు."

"ఈ గుంట మొదట్నుంచీ మేస్టరే" అన్నాడు బైరాగి. ఆ రాత్రే తన చెంచాకు ఒక నల్లదారం కట్టుకున్నాడు.

కాలేజీ తెరిచారు. మొదటి రోజు స్వాతి పాఠం చెప్పింది కానీ, ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మధ్యాహ్నం విరామం గంట కొట్టగానే, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఇంటికి వచ్చింది. సందులోకి తిరిగేసరికే ప్రియ ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపా, కాలిన ఏడుపా? చెప్పులు చేతిలో పట్టుకుని వంటగది కిటికీ దగ్గరకు పరుగెత్తింది.

గట్టు మీద గిన్నె ఉంది, పొగలు వస్తున్నాయి. బైరాగి చంకలో ప్రియ గింజుకుంటోంది. పక్కింటి ధనమ్మ ఏడుపు విని వచ్చినట్టుంది, గుమ్మంలో నిలబడి ఊరుకోవడం లేదు.

"ఏటి పెద్దాయనా, ఎదురుగా కూడెట్టుకుని గుంటని ఏడిపిత్తన్నావు? ఊది పెట్టీ."

"ఆగమ్మా."

"అలగ నీలుక్కుని ఏడుత్తంటే నీకు జాలి నేదేటి?"

"ఏడిత్తే ఎత్తుకుంటాను. కాలితే ఏటి సెయ్యగలను?" అన్నాడు బైరాగి, గొంతు పెంచకుండా. పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చాడు. గిన్నె అడుగునుంచి మరోసారి కలిపాడు. కాసేపటికి నల్లదారం చెంచాతో నడుమనుంచి కొంచెం తీసి తిన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ప్రియ ఇంకా గట్టిగా ఏడ్చింది. ధనమ్మ నుదురు కొట్టుకుంది. ఆయన మాత్రం అల తగ్గేదాకా ఆగే మనిషిలా, కిటికీ వైపు వీపు పెట్టి, పిల్లను ఊపుతూ నిలబడ్డాడు. మళ్ళీ కలిపాడు. నల్లదారం చెంచా కడిగి, ఈసారి అంచునుంచి ఒకటి, మళ్ళీ కడిగి నడుమనుంచి ఒకటి తిన్నాడు. చెంచా పక్కన పెట్టాడు. పింక్ రంగు చిన్న చెంచా తీసుకుని పిల్ల నోటికి అందించాడు.

ఏడుపు ఆగిపోయింది. ధనమ్మ ఏదో అనబోయి, ప్రియ నోరు తెరిచి ఇంకో ముద్ద అడగడం చూసి, వెళ్ళిపోయింది.

స్వాతి లోపలికి వెళ్ళలేదు. వెళ్తే చూడటానికి వచ్చిందని ఆయనకు తెలుస్తుంది. చెప్పులు వేసుకుని సందు చివరిదాకా నడిచింది. అక్కడ ఆటో ఎక్కి కాలేజీకి తిరిగి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం రెండో సంవత్సరం వాళ్ళకు నిరుటి పాఠం గుర్తుచేస్తూ, వేడి ఒకచోటునుంచి ఇంకోచోటుకు ఎలా వెళ్తుందో చెప్పింది. మధ్యలో ఆగి, "మా ఇంట్లో ఒక బండారీ ఉన్నాడు" అంది. పిల్లలు బండారీ అంటే ఏమిటని అడిగారు. ఆ రోజు పుస్తకంలోని పాఠం సగమే అయింది, మిగతాది బోటు మీద గడిచింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక, ఏమీ తెలియనట్టు అడిగింది. "ఎలా తింది మావా?"

"గిన్నె నాకేసింది. మీ అత్త నోటికి మూతపడీలాగ ఆదివారం నువ్వే సెప్పు."

ఆదివారం కన్నమ్మకు స్వాతే చెప్పింది, పొద్దున్నుంచి రెండుసార్లు. కన్నమ్మ వినీ విననట్టు చేపలకు ఉప్పు రాసింది. తర్వాత బైరాగి వినకుండా, "ఎంతైనా ఆడు బండారీ" అని మనవరాలి చెవిలో అంది.

ఇప్పుడు సెలవు రోజుల్లో ప్రియకు స్వాతే పెడుతుంది. ఆమె వేళ్ళు మెత్తన, వేడి వెంటనే తెలుస్తుంది. అయినా మూత వారగా పెడుతుంది, ఆపి కలుపుతుంది, నడుమ పొగలు వచ్చేదాకా కాచి, బయట పెట్టి ఆగుతుంది. పిల్ల ఎంత ఏడ్చినా తన చెంచాతో తను ముందు తింటుంది. మొదటి రోజు తొందరపడి పిల్ల చెంచా ఎత్తబోతే, వెనకనుంచి బైరాగి నెమ్మదిగా అన్న మాట ఆమె ఇంకా దాటలేదు.

"ముందు నువ్వు తినే. తిని, ఆగు. అప్పుడు పెట్టు."