ఆవుంటే పాలుంటాయి

"కచ్చితంగా" అనే మాటను కిళ్లీలా బుగ్గన పెట్టుకుని తిరిగే మనుషులంటే నాకు పరమ అసహ్యం. ఆ జాతికి మా బావ చక్రవర్తి. విజయనగరంలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. లెక్క ఇక్కడ నిజమైతే చంద్రమండలంలోనూ నిజమే కదా, ఆ మర్యాద తన నోటి నుంచి ఊడిపడే ప్రతి వాక్యానికీ దక్కాలని ఆయన పట్టు. "వంకాయ కూరలో అల్లం పడదు" అన్నా, "ఈ వీధిలో కుక్కలు కరవవు" అన్నా అదే గొంతు, పైకి లేచే అదే చూపుడువేలు. ఆ వేలు లేచినప్పుడల్లా మా గోడ గడియారం ఒక క్షణం ఊపిరి బిగబట్టేదని నా అనుమానం. వీధిలో కుక్క కరిచింది. "అది పక్క వీధి కుక్క" అన్నాడు, ఇంజెక్షన్ చేయించుకుంటూ.

ఇలాంటి మహానుభావుణ్ణి ప్రభుత్వం అరకు అవతల డుంబ్రిగుడ వైపు కాలేజీకి బదిలీ చేసింది. ఊరి చివర చిన్న క్వార్టరు ఇచ్చారు. అక్క ఒక్కటే షరతు పెట్టింది. పాలు పొంగించందే ఆ ఇంట్లో ఉండనంది. అంతకుముందు ఇల్లు మారినప్పుడు, "అద్దె కొంపకి ఈ తతంగం దేనికి" అని బావ నేరుగా టీ పెట్టించుకుని తాగేశాడు. ఆ యేడే అక్కకి పెద్ద ఆపరేషనైంది. ఈ రెంటికీ సంబంధం లేదని బావ బ్రహ్మాండంగా నిరూపించాడు. అక్క అంతా ఓపిగ్గా విని, "ఈసారి పాలు పొంగకపోతే అదే కారులో వెనక్కెళ్లిపోతాను. మీరు వండుకు తినండి" అంది. గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నెలో నీళ్లు పోయడం మరిచిపోయే మనిషికి అంతకు మించిన మరణశిక్ష లేదు.

ముహూర్తం రోజున ముగ్గురం కారులో బయల్దేరాం. ఎస్. కోటలో పాల బూత్ తెరిచి ఉంది.

"బావా, రెండు ప్యాకెట్లు తీసుకుందాం."

"ఒరే, మనం వెళ్లేది కొండలకి. అక్కడ మనుషుల కంటే ఆవులెక్కువ. ఆవుల దేశానికి సంచిలో పాలు మోసుకెళితే నవ్విపోతారు."

"దొరక్కపోతే?"

"ఆవుంటే పాలుంటాయి. ఎక్కడైనా, ఎప్పుడైనా. ఇందులో దొరక్కపోవడమేమిటి?"

స్టీరింగ్ ఆయన చేతిలో ఉంది. కారు ఆగలేదు. అరకులో టీ కొట్టు కనబడగానే మళ్లీ అన్నాను. ఈసారి వేలు కారు కప్పుకి తగిలింది.

ఆవుల మాట మాత్రం నిజమే. రోడ్డు మీద ఆవులు, వలిసె చేల గట్ల మీద ఆవులు, క్వార్టరు మెట్ల మీద ఆవులు. మా బావ మాట నిలబెట్టడానికి భూమండలంలోని గోజాతి అక్కడ మహాసభ పెట్టినట్టుంది. అక్క వరండాలో సూట్‌కేసు మీద కూర్చుంది. పంతులుగారు వాట్సాప్‌లో పంపిన ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంది. ఆవుల్ని తోలుకెళుతున్న ఒక రైతును బావ ఠీవిగా ఆపాడు.

"ఇవన్నీ నీవేనా?"

"మావే బాబూ."

"ఒక గ్లాసుడు పాలు కావాలి."

"పాలేటి?"

"ఆవు పాలయ్యా."

"మేం పితకం బాబూ. పాలు దూడవి కదా."

బావ చిన్నపిల్లాడికి ఎక్కం చెప్పే మొహం పెట్టాడు. "చూడు. ప్రపంచంలో అందరూ పితుకుతారు."

"ఎవులూ పితకరు బాబూ" అన్నాడు ఆయన, అంతే నిబ్బరంగా. "ఈ కొండ కాదు, ఆ కొండ కాదు, ఎవులూ పితకరు. మరి మీ ఊళ్లో దూడలేటి తాగుతాయి?"

"మిగిలింది తాగుతాయి."

ఆయన మా బావను తల నుంచి కాలి దాకా చూశాడు. మనిషిని తిన్నవాణ్ణి కూడా అలా చూడరు. తర్వాత దూడను రెండో పక్కకి తప్పించి, తోలుకుపోయాడు. రెండు సార్వకాలిక సత్యాలు రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చి, ఒకదాని మొహాన ఒకటి ఉమ్మేసుకుని ఎవరి దారిన అవి పోయాయి. రెండూ మూర్ఖత్వమే. కాకపోతే రెండోదాని వెనక ఆవులున్నాయి.

బావ ఇంటింటికీ తిరిగాడు. అందరిదీ అదే జవాబు. ఉన్న ఒక్క కిరాణా కొట్టుకీ తాళం. కొట్టువాడు సంతకి పోయాడు. ఆఖరికి బావ చెంబు పట్టుకుని తనే ఒక ఆవు పక్కన గొంతుకూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పొదుగు మీద మనిషి చెయ్యి పడని ఆవు అది. ఏమీ అనలేదు. తోకతో ఒక్కటిచ్చింది. కళ్లజోడు వలిసె చేలో పడి మాయమైంది. అరకు వెళ్లి వచ్చే టైము లేదు.

ఇక నా వంతు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నేను వాయించే పాట ఒకటుంది: అన్ని చోట్లా చెల్లే నియమమంటూ ఏదీ లేదని. అది అక్క ముందు వాయించాను. "పాలు పొంగించడం మన గొడవ అక్కా. ఇక్కడ ఆ లెక్కే లేదు. పొంగకపోతే ఏమీ కాదు, లోపలికి రా."

అక్క తలెత్తింది. "ఏమీ కాదని నీకు కచ్చితంగా తెలుసా?"

బావను కడిగిపారేయడానికి దాచుకున్న నా తిట్లన్నీ నా మొహాన్నే పడ్డాయి. అక్క కారు వైపు చూసింది. "డ్రైవింగ్ నువ్వే చెయ్యి. ఆయనకి కళ్లజోడు లేదు" అంది.

అప్పుడు ఎదురింటావిడ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో చోడి అంబలి కుండ. చోడంటే రాగులే.

"మీ ఆయన ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటన్నాడు. ఆకలేత్తన్నాదేటమ్మా? తాగండి."

బావ మొహం చూడాలి. అక్క మాత్రం కుండలోకి చూస్తోంది.

"పొయ్యి మీద పెడితే ఇది పొంగుతుందా?"

"మంటెక్కువైతే పొంగదేటి?"

"అది పాలు కాదు" అన్నాడు బావ. "తెల్లగా కూడా లేదు."

"పొంగాలన్నారు. రంగు సంగతి ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పకపోవడమేమిటి, పాలంటేనే..."

"మీరు కాస్త పక్కకి జరుగుతారా?"

బావ జరిగాడు. అక్క ఆ కుండలోది మా ఇత్తడి గిన్నెలోకి పోసుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లింది. స్టవ్ వెలిగించి మంట పూర్తిగా తిప్పింది. అంబలి చిటపటలాడి, బుడగలు వేసి, మట్టి రంగు వరదై గిన్నె దాటింది. అక్క రెండు చేతులూ జోడించింది. ఎదురింటావిడ మాత్రం గుమ్మంలోంచి ఒక్క అంగలో లోపలికొచ్చింది.

"దించమ్మా, బేగి దించు, పోతన్నాది."

"పోనీ. పోవాలి."

"పోవాలేటి? తినీది నేలపాలు సేసి దండం పెడతన్నావేటి?"

బావ వివరించడానికి వేలెత్తాడు. అక్క చూపు తగిలి దించేశాడు. అక్క నా వైపు తిరిగి, "నువ్వు కారు తీసుకుని వెళ్లిపోరా. నేనుంటాను" అంది. తర్వాత అడుగున మిగిలింది గ్లాసుల్లో పోయడానికి గిన్నె మీద చెయ్యి వేసింది.

ఎదురింటావిడ ఆ చెయ్యి తప్పించి, పిల్లను బావ చేతుల్లో పడేసి, గిన్నె లాక్కుంది. "ఇది నాను పోత్తాను. మీ సేతికియ్యను."