కార్ల షెడ్డులో కోకిలక్క మగ్గం

కోకిలక్క తిరుత్తణి ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించుకొని పడుకొని ఉన్నప్పుడు, పొదటూరుపేటలో ఆమె మరిది ఆదికేశవులు ఆమె మగ్గం గుంతను పూడ్చేశాడు. ట్రాక్టరు మన్ను పోయించి, పైన సిమెంటు పూయించి, ఆ చోట రెండు పవర్లూములు బిగించాడు. ఆమె పొట్ట మీద కుట్లు ఆరకముందే సిమెంటు ఆరిపోయింది.

గుంత మగ్గం చూడనివాళ్ళకు ఇందులో అన్యాయం ఎంతో తెలియదు. ఆ మగ్గం మీద నేసేవాళ్ళు నేల మీదే కూర్చుంటారు. కాళ్ళు గుంతలోకి దిగుతాయి. అక్కడ ఉన్న తొక్కుడు పలకలు తొక్కితేనే పొడుగు దారాలు, అంటే పడుగు, పైకీ కిందికీ విడిపోయి, అడ్డదారం మోసుకుపోయే నాడెకు దారి ఇస్తాయి. గుంత లేకపోతే మిగిలేది పొయ్యిలోకి పనికొచ్చే కట్టెలే. భర్త పోయిన తర్వాత కోకిలక్కకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గుంత ఒక్కటే.

ఆమె ఇంటికి వచ్చి గడపలోనే నిలబడిపోయిందట.

"గుంత యాడ?" అని అడిగింది.

"డాక్టరు బరువు పని చేయొద్దన్నాడు గదా వొదినా. నీ మంచికే చేసినా. పవర్లూము కాడ కుర్చీ ఏసుకోని, తెగిన దారం ముడేస్తే సాలు" అన్నాడు ఆదికేశవులు.

"నా మంచి నీకెవురు జెప్పినారు?"

"బూజు పట్టిన గుంతకి ఇంత యాగీనా?"

ఆమె యాగీ ఏమీ చేయలేదు. పెరట్లో కట్టెల కుప్పలోంచి తన నాడె వెతికి తీసి, సంచిలో చీరల మధ్య పెట్టుకొని, తిరుత్తణి స్టేషనుకు వచ్చి కరెంటు రైలెక్కింది. తిరువళ్ళూరులో దిగింది. అంతకంటే దూరం పోవడానికి తెలిసినవాళ్ళు లేరు.

అప్పుడు నేను మణవాళనగర్‌లో కుప్పుస్వామి సీటు కవర్ల షాపులో రెగ్జీన్ కోసే పనిలో ఉండేవాణ్ణి. ఏ పనిలోనూ ఏడాది నిలవనని నాకు పేరు. కోకిలక్క మా షాపులో కుట్టు మిషను మీద కూర్చుంది. వచ్చిన వారానికే రెగ్జీన్ గురించి ఆమె తీర్పు చెప్పేసింది.

"ఇది బట్ట కాదురా మణీ, దోసె. పోసి ఆరబెట్టినారు."

కుప్పుస్వామికి కోపం వచ్చింది. "దోసె నీకు కూడు పెడతా ఉండాది గదమ్మా, ఊరుకో."

"పెడతా ఉండాది. అందుకని బట్ట అనమంటావా?"

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె బల్ల మీద కూర్చొని కాళ్ళు వేలాడేసేది. రెండు పాదాలూ ఒకటి మార్చి ఒకటి గాలిని తొక్కుతుండేవి. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను. కిందికి చూసుకొని, పాదాలు ఆపి, "కాలు ఊరుకోదురా" అంది. మళ్ళీ నేయాలన్న కోరిక గురించి ఆమె ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే షాపులో అందరికీ తెలుసు. గుంత తవ్వుకోవడానికి సొంత నేల ఉండాలి. అద్దె గదిలో నేల తవ్వనిచ్చే ఇంటివాడు ఈ భూమి మీద పుట్టలేదు.

ఒకరోజు దినకర్ గారు వచ్చారు. తిరువాలంగాడు దాటాక రోడ్డు పక్కన ఆయన కార్ల మ్యూజియం ఉంది. సరిహద్దు పల్లెల్లోని భూములున్న కుటుంబం ఆయనది. మామిడి తోటలమ్మి పాత కార్లు కొన్న మనిషి అని ఊళ్ళో నవ్వుకొనేవాళ్ళు. ఆయన జేబులోంచి రుమాలు తీసి, అందులోంచి అరచేయంత బట్ట ముక్క తీసి బల్ల మీద పెట్టారు. ముదురు గోధుమ రంగు, మీద సన్నగా ఉబ్బెత్తు చారలు.

"ముప్ఫై ఎనిమిదో సంవత్సరం బ్యూక్ బండి. ఒక పల్లెలో పశువుల కొట్టంలో దొరికింది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెడతా ఉండినాయి. బట్టంతా ఎలకలు తినేసినాయి. వెనక సీటు చెయ్యానించుకొనే దిండు కింద ఎండ తగలని చోట ఇది మాత్రం మిగిలింది. ఇట్లాంటిది కావాల" అన్నారు.

కుప్పుస్వామి గోధుమ రంగు రెగ్జీన్ చుట్ట దించబోయాడు.

"నా బ్యూకుకి రెగ్జీనా? దానికంటే మళ్ళా కోళ్ళకే ఇచ్చేస్తా."

అమెరికాలో దీనికి దగ్గర పోలిక బట్ట దొరుకుతుంది గాని చార వేరని, ఇంక గతిలేక దాన్నే తెప్పించాలని ఆయన చెబుతుండగానే కోకిలక్క మిషను దిగి వచ్చింది. ముక్కను వెలుతురుకు ఎత్తి చూసింది. అంచునుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది.

"గొర్రె ఉన్ని. నేసిన బట్టే గదయ్యా ఇది. ఎవురో ఒకరు నేసుంటారు గదా. మళ్ళా నేయొచ్చు."

"నువ్వు నేస్తావా?"

"నూలు నేసినదాన్ని. ఇది ఎప్పుడూ నేయలా. ముందు బండి చూపించండి."

మరుసటి ఆదివారం కొలతల వంకతో నేనూ వెంట వెళ్ళాను. షెడ్డులో ఆస్టిన్లు, మోరిస్‌లు, పాత ఫియట్లు, ఒక జీపు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి బండి ముందూ ఒక పలక. చదవడం నాకు తీరని జబ్బు, అన్నీ చదివాను. ఏ జమీందారు కొన్నాడో ఉంది, ఇంజనుకు ఎన్ని గుర్రాల బలమో ఉంది, ఏ కలెక్టరు ఎక్కాడో ఉంది. ఎవరు తోశారో, ఎవరు తుడిచారో ఒక్క పలక మీదా లేదు. మనిషికి ముసలితనం వస్తే మూలకు నెడతారు, బండికి వస్తే తాడు కట్టి టికెట్టు పెడతారు అనుకొంటూ తిరుగుతున్నాను. కోకిలక్క ఏ బండినీ చూడడం లేదు. షెడ్డు చివర ఒకచోట ఆగిపోయింది.

అక్కడ నేలలో పొడుగాటి గుంత. బండిని పైన నిలబెట్టి, మెకానిక్ కిందికి దిగి పనిచేసే పాతకాలపు గుంత. సగం వరకు ఇటుక ముక్కలు, మన్ను పోసి ఉన్నాయి.

"ఇదేమి?" అంది.

మెకానిక్ వరదన్ చెయ్యి తుడుచుకొంటూ వచ్చాడు. తమిళాయన. పన్నెండేళ్ళుగా తెలుగు యజమాని దగ్గర ఉండి రెండు భాషలూ కలిపి మాట్లాడతాడు. "పళయ కుళి, పాత గుంత అక్కా. ఇప్పుడు లిఫ్టు వచ్చేసింది, ఎవరూ దిగేది లేదు. చూడ్డానికొచ్చిన ఒకాయన కాలు జారి పడినాడు. రేపు కాంక్రీటు పోస్తారు, టైల్స్ వేస్తారు."

ఆమె చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని, ఇటుక ముక్కల మీదికి దిగింది. గుంత గట్టు మీద కూర్చొని చూసింది. కాళ్ళు సరిగ్గా ఆనాయి.

"ఎన్నక్కా, ఏమిది, పైకి రా, మన్ను జారుతుంది" అన్నాడు వరదన్.

"అయ్యా," అని ఆమె దినకర్ గారిని పిలిచింది. "ఒక గుంత నేను ఆస్పత్రిలో ఉండంగా పూడ్చినారు. దీన్ని నా కళ్ళ ముందర పూడ్చనీను. ఈ చివర నాకియ్యండి. మగ్గం దించుకొంటా. మీ బట్ట నేసిస్తా."

దినకర్ గారు చాలాసేపు తల గోక్కున్నారు. తిరుత్తణి కొండ మీద ఆడి కృత్తిక తిరునాళ్ళ రద్దీ తగ్గాక తన కార్లన్నిటినీ తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ఊరేగించడం ఆయన ఏటేటా చేసే పండగ. ఈసారి ముందు నడవాల్సింది బ్యూక్. చివరికి, "ఊరేగింపు లోపల బట్ట రావాల. రాకపోతే అమెరికా బట్టే. గుంత కాంక్రీటే" అన్నారు.

"సరి" అంది కోకిలక్క.

మగ్గం స్తంభాలను వరదన్ ఒక పాత లారీ బాడీ టేకుతో చేశాడు. పడుగు బిగువుగా ఉండడానికి బరువు కావాలంటే తుప్పు పట్టిన గేరు చక్రం వేలాడదీశాడు. పొదటూరుపేట కట్టెల కుప్పలోంచి వచ్చిన నాడె గట్టు మీద కూర్చుంది. లూధియానా నుంచి ఉన్ని దారం వచ్చింది. కోకిలక్క కుప్పుస్వామికి సెలవు చెప్పి వచ్చేసింది. ఒక తెల్లవారుజామున రెండు వరసల కార్ల మధ్య దారిలో పడుగు పొడవునా సాగదీసి కట్టింది. తరతరాలుగా వాళ్ళ వీధిలో చేసే పద్ధతిలోనే చిక్కటి అన్నం గంజి పూసి బ్రష్షుతో దువ్వింది.

నూలు అయితే గంజి తాగి తీగలా నిలబడేది. ఇది ఉన్ని. దువ్వేకొద్దీ నూగు లేచింది. ఒక పోగు ఇంకొక పోగును పట్టుకొని జడలు కట్టింది. గంజి వదలగొట్టాలని వేడినీళ్ళలో ముంచింది. అది ముడుచుకుపోయి కంబళి పీలికలా తయారైంది.

"ఎన్నక్కా, తల దువ్వుకోకుండా వచ్చేసిందా ఇది?" అని వరదన్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి నీళ్ళ బకెట్టు పక్కకు జరిపాడు.

దినకర్ గారు వచ్చారు. ఆయన చేతిలో ఫోను మోగుతోంది. అది కాంక్రీటు మేస్త్రి ఫోనని మాకు తెలుసు.

"పోయిందా?"

"పోయింది. నా చేత్తోనే పోగొట్టినా. మా ఇండ్లల్లో పడుగంటే గంజే. గొర్రెకి గంజి వద్దని నాకెవురూ చెప్పలా, నేనూ ఎవుర్నీ అడగలా. తప్పు నాదే."

దినకర్ గారు బ్యూక్ వైపు చూశారు, గుంత వైపు చూశారు. అప్పుడు కోకిలక్క వరదన్ వైపు తిరిగింది.

"తమ్ముడూ, ఆ బండి ఇంజను ఎన్నిసార్లు ఇప్పినావు?"

"అబ్బో, కణక్కే లేదక్కా, లెక్కే లేదు."

"మొదటిసారి స్టార్టు కాలేదని తూకానికి ఏసినారా?"

వరదన్ పగలబడి నవ్వాడు. "సార్, అక్క కరెక్టా కేక్కుదు, సరిగ్గా అడుగుతా ఉండాది సార్! కోళ్ళ గూటికి ఇన్ని ఛాన్సులు ఇచ్చినాము."

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. దినకర్ గారు దాన్ని ఎత్తి, "ఇప్పుడొద్దు మేస్త్రీ" అన్నారు. ఆ రోజు వరకు ఆయన్ను నేను పాత ఇనుము పిచ్చి ఉన్న పెద్దమనిషిగానే లెక్కేశాను. ఆ రోజు కొంచెం సరిచేసుకున్నాను. కొంచెమే.

రెండోసారి గంజి లేదు, బ్రష్షు లేదు. ఉన్ని దుప్పట్లు నేసే ఒక ముసలాయన ఉన్నాడని ఎవరో చెబితే కోకిలక్క బస్సులు మారి వెళ్ళి అడిగి వచ్చింది. ఆయన చెప్పినట్టు పల్చగా చింతగింజల అంబలి అద్ది నీడలో ఆరబెట్టింది. మొదట రోజుకు జానెడు కూడా సాగలేదు. పొట్ట పట్టేసేది. గట్టు మీద వెనక్కి వాలి, కళ్ళు మూసుకొని, మళ్ళీ లేచేది. తర్వాత తర్వాత షెడ్డు బయటికే చప్పుడు వినిపించేది. పలక, నాడె, దెబ్బ. పలక, నాడె, దెబ్బ. నేను వారానికొకసారి వెళ్ళేవాణ్ణి. ఆ చప్పుడు వినడానికే వెళ్ళేవాణ్ణని ఇప్పుడు తెలుస్తోంది.

చూడ్డానికి వచ్చే జనం కార్లు చూసి, చివర ఆమె దగ్గర గుంపు కట్టేవాళ్ళు. "ఇది ఏ కంపెనీ బండి?" అని ఒక బడిపిల్ల అడిగింది. కోకిలక్క నాడె ఆపలేదు. "పొదటూరుపేట కంపెనీ. పెట్రోలు అక్కర్లా, కాళ్ళుంటే సాలు" అంది. ఆ పిల్ల పక్కనున్న టీచరు ఆ మాటను సీరియస్‌గా రాసుకుంది.

ఊరేగింపుకు వారం ముందు కోకిలక్క, మగ్గం నుంచి కత్తిరించిన బట్టను బల్ల మీద పరిచింది. దినకర్ గారి రుమాల్లోని ముక్క తీసుకొని, ఆయన్ను అటు తిరగమని చెప్పి, బట్ట మీద ఎక్కడో పెట్టింది.

"ఇప్పుడు తిరగండి. మీ ముక్క యాడుందో ఎతుక్కోండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు, తీశారు. చూపుకు దొరకలేదు. చివరికి చేత్తో తడిమి పట్టుకున్నారు. పట్టుకొని, వరదన్ ముందూ నా ముందూ కోకిలక్కకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆమె తల వంచలేదు. పొందాల్సింది పొందిన మనిషి ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

సీట్లు నేనూ కుప్పుస్వామీ కుట్టాం. బ్యూక్ వెనక సీట్లో, దిండు మీద చెయ్యానించుకొని, కోకిలక్క తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ప్రయాణం చేసింది. దారి పొడవునా జనం ఫోన్లు ఎత్తి ఫొటోలు తీశారు. కొండ కింద బండ్లు ఆగినచోట గుంపులోంచి ఆదికేశవులు వచ్చాడు. కిటికీలోంచి తల లోపలికి పెట్టి, సీటు తడిమాడు. ఎంతైనా నేసే ఇంట్లో పుట్టినవాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ మిల్లుది వొదినా ఇది?"

"మిల్లుది కాదు. చెయ్యి తియ్యి, చెమట అంటుకొంటుంది."

ఆ తర్వాత ఆమె చేతికి పని ఆగలేదు. వేరే ఊళ్ళనుంచి కూడా పాత కార్లవాళ్ళు రుమాళ్ళలో ముక్కలు చుట్టుకొని రావడం మొదలుపెట్టారు. నేను షాపు మానేశాను, ఒరగడంలో కార్ల ఫ్యాక్టరీలో చేరాను, అదీ మానేశాను. ఇంకొక చోటికి పోతూ, చెప్పి పోదామని మొన్న ఆమె దగ్గరికి వెళ్ళాను. గుంతలో కాళ్ళు పెట్టుకొని, బూడిద రంగు బట్ట నేస్తోంది.

"ఆదికేశవులు పిలిచినాడంట గదక్కా. సిమెంటు పగలగొట్టి మళ్ళా గుంత తవ్విస్తా, ఇంటికి రమ్మన్నాడంట. పోతావా?"

ఆమె నాడెను ఈ చివరి నుంచి ఆ చివరికి విసిరి, దెబ్బ వేసి, అప్పుడు తలెత్తింది.

"తవ్వుకోనీ. తవ్వి, వాడే దిగి కూర్చోనీ. నాకు కాళ్ళు పెట్టుకొనే తావు దొరికిందిరా మణీ. నీ కాళ్ళు యాడ పెడతావో అది చూసుకో, పో."