బల్బు లేని షేడు

1997 డిసెంబరు 8, సోమవారం. ఇడ్లీ పిండి రుబ్బడం అయింది. పాల లెక్క చూడడం అయింది. కందులు ఎండలో పొయ్యడం అయింది. బట్టలు సగం అయ్యాయి.

రోజూ నేను రాసుకునే పనుల పద్దు ఆ రోజుకి అంతవరకే ఉంది. బట్టలు సగంలో ఉండగా మా ఆయన విశాఖపట్నం ఆసుపత్రి నుంచి వచ్చారు. నూతి గట్టు పక్కన నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "వదిన ఎల్లిపోయిందే" అన్నారు. నా చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని పూర్తిగా పిండి, తీగ మీద ఆరేసి, అప్పుడు కూర్చున్నాను. పట్టుకున్న పని సగంలో వదిలితే ఆవిడకి నచ్చేది కాదు.

ఆవిడ మా తోటికోడలు, బావగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు దేవరాపల్లి. చోడవరంలో మా వీధివాళ్లకి మాత్రం ఆవిడ ముద్రలమ్మ. అరిగిపోయిన హవాయి చెప్పుల రబ్బరుతో ముద్రలు చెక్కి, గ్రీటింగు కార్డులూ కాగితం లాంతరు షేడులూ చేసేది. అందుకే మనుషుల్ని కాళ్ల దగ్గర్నుంచి చూసేది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ముందు చెప్పులు చూసి, తరవాత ముఖం చూసి, అప్పుడు కూర్చోమనేది. "పారీకే అమ్మా ఆ సెప్పు. తెగింది వారు కదా, మడమకాడ రబ్బరు బంగారంలాగుంది" అనేది. "అరిగినకాడ కాదు, అరగనకాడ సూడాల" అన్నది ఆవిడ మాటే. చెప్పుల గురించే అన్నా, నాకు చాలా చోట్ల పనికొచ్చింది.

సగానికి విరిచిన బ్లేడు, సానపట్టిన గొడుగు ఊచ, ఆవిడ పనిముట్లు అవే. పువ్వు, చేప, పిచ్చిక, చెరకు గడ అన్నీ వాటితోనే చెక్కేది. జిగురుకి మైదా ఉడికించి, బొద్దింకలు కొట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. నేను మొదటిసారి ముద్ర పట్టుకుని కాగితం మీద దబ్బున కొడితే నా చెయ్యి పట్టుకుంది. "కొట్టకే! పోస్టాఫీసేటి? ఆనించు. పసిగుంట నుదుట బొట్టు పెడతన్నట్టు ఆనించు."

ఈ ముద్రలు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో చెప్పాలంటే, ఇల్లు పంచుకున్న సంగతి చెప్పాలి.

నాలుగేళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. వీధి గుమ్మం నుంచి పెరట్లో నూతి దాకా పొడుగ్గా ఒక నడవ. దానికి కుడివైపు బావగారి వాటా, ఎడమవైపు మాది. రెండు గుమ్మాలూ ఎదురెదురుగా ఉంటాయి. నడవ ఉమ్మడి అని కాగితంలో రాశారు. అత్తగారు అప్పటికి మంచం మీద ఉన్నారు. ఆవిడ చేత వేలిముద్ర వేయించారు. ఎప్పుడో కత్తిపీట తెగి ఆవిడ బొటనవేలికి అడ్డంగా ఒక మచ్చ ఉండేది. ముద్రలో తెల్ల గీత పడింది. కాగితం రాసినాయన, "గీతొచ్చిందమ్మా, మళ్లీ వెయ్యండి" అన్నాడు. మళ్లీ వేశారు, మళ్లీ గీత వచ్చింది. "నా ఏలే అంత బాబూ. ఎన్నిసార్లేసినా అదే వస్తాది" అన్నారు అత్తగారు.

అందుకోసం కొన్న ఊదా సిరా ప్యాడు కిటికీలో ఉండిపోయింది. చెరిసగం వేసుకుని కొన్నది కాబట్టి అన్నదమ్ములిద్దరిలో ఎవరూ తియ్యలేదు. అక్కే తీసింది. "ఇద్దరిదీ అయితే ఇద్దరికీ పనికొచ్చీదే సేద్దాం" అంది. అంతకుముందు బెండకాయ ముక్కలతో పిల్లలకి పువ్వులు అద్దిపెట్టడమే గాని, ఆవిడ రబ్బరు జోలికి వెళ్లలేదు.

అన్నీ సవ్యంగానే పంచుకున్నారు గాని, నడవలో బల్బు దగ్గర పేచీ వచ్చింది. అది ఎవరి మీటరు మీద వెలగాలి?

"నీ మీటరు మీద ఏయించు" అన్నారు బావగారు.

"నాకేటవసరం? చీకటి పడ్డాక నూతికాడికి ఎక్కువసార్లు ఎల్లీది మీ ఇంటోలే" అన్నారు మా ఆయన.

నెలకి ఎన్ని యూనిట్లు కాలుతుందో, మనిషికి ఎంత పడుతుందో నేను కాగితం మీద లెక్క కట్టి చూపించాను. ఇద్దరూ చదివారు, ఇద్దరూ మడిచి నాకే ఇచ్చేశారు. మర్నాడు తీగ తెగ్గొట్టి బల్బు తీసేశారు. అన్నదమ్ములు మాటలు కూడా మానేశారు.

దీపాలు పెట్టే వేళయితే నడవ గుహలాగ ఉండేది. ఒకనాడు మా చిన్నదీ, అక్క కొడుకూ చెరో గుమ్మం నుంచీ పరిగెత్తుకొచ్చి, మధ్యలో తలలు కొట్టుకుని పడ్డారు. అక్కా నేనూ ఒకేసారి దూకి, ఏడుస్తున్న పిల్లల్లో చెరొకర్ని ఎత్తుకున్నాం. అంతలో ఆ గుమ్మంలోంచి బావగారు, ఈ గుమ్మంలోంచి మా ఆయన టార్చిలైట్లు వేశారు. చూస్తే మా పిల్ల అక్క చంకలో ఉంది, వాళ్ల పిల్లాడు నా చంకలో ఉన్నాడు. వాడి కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. అన్నదమ్ములు ఎవరి బిడ్డ మీద వాళ్లు లైటు వేసుకున్నారే గాని, ఒక్క మాట అనుకోలేదు. పిల్లల్ని మార్చుకునేటప్పుడు అక్క నా చెవిలో, "ఇది ఇలగొదిలీస్తే వీళ్లు పెద్దయినా చీకట్లోనే గుద్దుకుంటారే" అంది.

ఆ తరవాత కొత్త సంవత్సరానికి మా ఇంటికి పోస్టులో గ్రీటింగు కార్డు వచ్చింది. చెరకు గడల మధ్య రెండు పిచ్చికలు, ఊదా రంగులో. పోస్టుమాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓలమ్మా, ఇదేటి సిత్రం! గుమ్మంలోంచి ఇసిరీసినా పడిపోద్ది కదా. స్టాంపు దండగ!"

ఎదుటి గుమ్మంలోంచి అక్క అంది: "దగ్గిరోలకే ఉత్తరాలు రాయాల బాబూ. దూరపోలు ఎలాగూ వచ్చి పలకరిస్తారు."

మా ఆయన కార్డు చూసి, "ఎవరు సేసేరు?" అని అడిగారు. చెప్పాను. అద్దం మూల దోపారు. రోజూ తల దువ్వుకునేటప్పుడు కనబడేది. అయినా ఎదుటింటి వైపు మాట మాత్రం కదలలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో మా పిల్లల బొటనవేళ్లు ఊదాగా కనిపించాయి. తోమినా పోలేదు. బడిలో సిరా ఒలకబోశారనుకుని చివాట్లు పెట్టాను. పిల్లలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని నవ్వారే గాని చెప్పలేదు.

ఆ వారంలోనే అక్క వడ్డాది సంత నుంచి వెదురు బద్దలు తెప్పించి, గుండ్రంగా వంచి, తెల్ల కాగితం అతికి ఒక షేడు చేసింది. దాన్ని తెచ్చి నడవలో ఖాళీ హోల్డరు కింద పురికొసతో వేలాడదీసింది. బల్బు లేదు, కరెంటు లేదు. షేడు మీద ఒక్క పువ్వు కూడా లేదు. పాలు పోసే ఆవిడ ఆగి చూసింది.

"ఏటి పెద్దమ్మా ఈ తెల్లబుట్ట? కోడిపిల్లల్ని మూస్తావేటి?"

"దీపం వచ్చేక సూడు."

"దీపమేదీ?"

"షేడొచ్చింది కదా. దీపం ఎనకే వస్తాది."

బావగారికి తలవంపులుగా ఉంది. "బల్బు నేకుండా షేడేటే? వీదంతా నవ్వతన్నారు."

"నవ్వనీ. నవ్వినోలెవరైనా బల్బు తెస్తారేమో."

ఇంకొక సంగతి. ఆవిడ దాన్ని బాగా కిందికి కట్టింది. పిల్లలూ, ఆడవాళ్లమూ కింద నుంచి వెళ్లిపోయేవాళ్లం. అన్నదమ్ములిద్దరూ పొడగరులు. వచ్చినప్పుడల్లా వెదురు అంచు నుదుటికి తగిలేది. ఆ గుమ్మంలో ఒకసారి "అబ్బా", ఈ గుమ్మంలో ఒకసారి "అబ్బా". అక్క వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "పైకి కట్టకూడదా అక్కా?" అంటే, "ఎత్తు అందీవోలు ఇద్దరున్నారు. ఆలే కట్టుకుంటారు" అనేది.

ఒక సాయంత్రం మా ఆయన ఎరువుల కొట్టు నుంచి వస్తూ నలభై క్యాండిల్ బల్బు తెచ్చారు. స్టూలు వేసుకుని ఎక్కారు. "ఈ బుట్ట పైకి కట్టీసి బల్బెట్టీస్తాను. నా తల బద్దలైపోతంది" అని గోడకి చెప్పినట్టు చెప్పారు. బుట్ట పైకి కట్టి బల్బు పెట్టారు. తరవాత తెగిన వైరు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశారు. అది ఎవరో ఒకరి మీటరుకి కలపాలి కదా. ఎదుటి గుమ్మంలో అక్క, మా గుమ్మంలో నేను నిలబడ్డాం.

లోపల్నుంచి బావగారు టెస్టరు పట్టుకుని గబగబా వచ్చారు.

"ఒరే! మెయినాపకుండా వైరు ముట్టుకుంటావేట్రా? సచ్చిపోతావు!"

"అయితే నువ్వాపు."

"ఆపేను. ఇటు పట్టు. మాదాన్లోంచి కలుపుతాను."

మాటలు మానేశాక వాళ్లు అనుకున్న మొదటి మాటలు అవి. ఎంత బాగున్నాయో అనిపించింది.

మెయిను వేశారు. తెల్ల కాగితం మీద ఒక తీగ లేచింది. అక్క ముద్రలన్నీ లోపలివైపు వేసింది. పగలు చూస్తే ఏమీ ఉండదు, దీపం వెలిగితేనే పైకొస్తుంది. మా గుమ్మం దగ్గర మొదలై షేడు చుట్టూ తిరిగి వాళ్ల గుమ్మం వైపు పాకిన ఊదా తీగ. అక్కడక్కడ పిచ్చికలు. ఆకులన్నీ పిల్లల బొటనవేళ్ల ముద్రలు. మావాళ్లవీ వాళ్లవీ కలిసి, ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు, చివాట్లు తిన్నప్పుడు పిల్లలు ఎందుకు నవ్వారో.

బావగారు తల పైకెత్తి చూస్తూ ఒకచోట ఆగిపోయారు. అన్నిటికన్నా పెద్ద ఆకు. మధ్యలో అడ్డంగా తెల్ల గీత.

"ఇది అమ్మది" అన్నారు.

మా ఆయన స్టూలు మీద నుంచి దిగలేదు. బావగారే మళ్లీ అన్నారు. "బల్బుకీ కాయితానికీ జానెడు ఎడముండాల్రా. కాలిపోద్ది."

"ఉందన్నయ్యా."

అంతే. కావిలించుకోవడాలు మా ఇళ్లలో లేవు. మర్నాడు పొద్దున్న నూతి దగ్గర ఇద్దరూ ఒకే బొగ్గుపొడి పొట్లంలోంచి పళ్లు తోముకున్నారు. అత్తగారు మరుసటి వేసవిలో పోయేవరకూ, దీపాలు పెట్టే వేళకి తన మంచాన్ని నడవ కనబడేలా జరిపించుకునేవారు.

నెలాఖరుకి నేను సగం కరెంటు డబ్బులు తీసుకెళితే అక్క కోప్పడింది. "దీపానికి డబ్బులేటే?" అంది. నా స్వభావం ఆవిడకి తెలుసు. బాకీ ఉంటే నాకు అన్నం సయించదు. "సరే, రాసుకో. ఈ షేడు సిరిగిపోయేక కొత్తది నువ్వు సెయ్యి. అప్పుడు సెల్లు."

"నాకు రాదక్కా."

"నాకు మాత్రం కడుపులోనే వచ్చిందేటి?"

అలా నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను చెక్కిన మొదటి తామరపువ్వు చూసి, చాలాసేపు తిప్పి తిప్పి, "ఉల్లిపాయ బాగుందే" అంది. ఆ ముద్ర పారెయ్యనివ్వలేదు. ఆ ఏడు కె.కోటపాడులో ఉన్న మా చెల్లెలికి పంపిన కార్డు మీద ఆ ఉల్లిపాయే వేసింది. బాగుందని చెల్లెలు జవాబు రాసింది. ముద్రలు లోపలే ఎందుకు వెయ్యాలని ఒకసారి అడిగాను. "బైటేస్తే తుడిసినప్పుడల్లా కొంచెం పోతాది. లోపలేస్తే దీపం ఉన్నన్నాళ్లూ ఉంటాది" అంది.

షేడు ముసురులకి ఉబ్బి, పొగకి పచ్చబడింది గాని చిరగలేదు. చిన్న చిల్లు పడితే ఆవిడే అతుకు వేసేది. మొన్న ఆసుపత్రిలో చూడడానికి వెళితే, మంచం మీద నుంచే నర్సమ్మ చెప్పులు చూస్తోంది. "మంచి రబ్బరు" అంది నాతో రహస్యంగా. ఆ తరవాత, "షేడు సిరిగిందేటే?"

"లేదక్కా. బాగానే ఉంది."

"అయితే నీ బాకీ అలాగే ఉందన్నమాట" అని నవ్వింది. నాకు మిగిలిన ఆఖరి మాట అది.

పెద్దకార్యం నాడు ఎవరో షామియానా గెడ లోపలికి తెస్తుంటే తగిలి షేడు నిలువునా చిరిగిపోయింది. తెచ్చినతను లెంపలేసుకున్నాడు. బావగారు, "నీ తప్పేటుంది బాబూ, దానికీ వయసయింది" అన్నారు. నేను దాన్ని మెల్లగా విప్పి లోపలికి తీసుకెళ్లాను. విప్పుతుంటే కాగితం అతికిన చోట ఒక వేలిముద్ర కనిపించింది, ఇన్నాళ్లూ ఎవరమూ గమనించలేదు. జిగురు ఆరేదాకా అక్క గట్టిగా అదిమి పట్టుకుని ఉంటుంది. సిరా చేతితో ఆవిడ బొటనవేలు అక్కడ అచ్చుపడిపోయింది. పిల్లల వేళ్లూ అత్తగారి వేలూ అడిగి వేయించింది. తనది మాత్రం వేద్దామనుకోలేదు. అతుకు దగ్గర దానంతట అదే పడింది.

నిన్న జిగురు కాచాను. తుత్తం వెయ్యడం మరిచిపోలేదు. పాత బద్దలకే కొత్త కాగితం కత్తిరించాను. పిల్లల్ని పిలవక్కర్లేకపోయింది. ప్యాడు మూత తీసిన వాసనకే వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ల ఆకులు పెద్దవయ్యాయి. కనుబొమ్మ మీద మచ్చ ఉన్న అక్క కొడుకు ముందు వేశాడు. మా ఆయన వేశారు. బావగారు కాసేపు వేలు చూసుకుని, "ఎలగెయ్యాలమ్మా?" అని అడిగారు. "కొట్టకండి బావగారూ. ఆనించండి" అన్నాను. అత్తగారి ఆకు పాత కాగితంలోంచి కత్తిరించి లోపల అతికాను. అక్క అతుకు ముక్కని మాత్రం దాని చోటే పెట్టాను, కొత్త కాగితం రెండు అంచులూ కలిసేచోట.

తీగ మొదట్లో ఒక ఉల్లిపాయ కూడా ఉంది.

ఇవాళ సందెవేళ బావగారు స్విచ్చి వేశారు. కొత్త కాగితం కదా, నడవంతా ఊదారంగు కలిసిన తెలుపు, నూతి గట్టు దాకా. అతుకు దగ్గర కాగితం రెండు మడతలు కాబట్టి ఆ ముద్ర మిగతావాటికన్నా ముదురుగా కనిపిస్తోంది. పిల్లలు దాని కింద నుంచి పరిగెడుతున్నారు.

పనులు: వంట అయింది. బట్టలు మడతపెట్టడం అయింది. షేడు అయింది.

నడవ లైటు, అక్క బాకీ: చెల్లు.